మా బావకు వడ్డించిన రోజు

మా బావకు నా చేత్తో అన్నం పెట్టకూడదని ఒట్టు పెట్టుకున్నాను. పెట్టుకుని దూరంగా కూర్చుంటే ఏం లాభం? అందుకే ఆ ఆదివారం ఆరాధన కాగానే అందరికన్నా ముందు భోజనాల గదిలోకి వెళ్ళి, ఆయన కూర్చునే కుర్చీకి కుడిపక్క కుర్చీ పట్టుకున్నాను. మా అక్క నన్ను అక్కడ చూసి ముఖమంతా వెలిగించుకుంది. చెల్లెలి మనసు మెత్తబడిందనుకుంది, పిచ్చిది.

కుడిపక్కనే ఎందుకంటే, మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. రొట్టె విరిచి, ద్రాక్షారసం తీసుకున్నాక అందరం కలిసి భోంచేస్తాం. ఆ భోజనంలో ఎవరి కంచంలో వాళ్ళు వడ్డించుకోరు. మన ఎడమపక్క ఉన్నవాళ్ళకు మనం వడ్డించాలి, మన కుడిపక్క ఉన్నవాళ్ళు మనకు వడ్డిస్తారు. ఊరికే గరిటెతో వేసెయ్యడం కాదు. గరిటె ఎత్తి, "మన మధ్య ఏమైనా ఉందా?" అని అడగాలి. అవతలివాళ్ళు "ఏమీ లేదు, పెట్టు" అనాలి. ఏదైనా ఉంటే అక్కడే, అందరి ముందే చెప్పుకోవాలి. చెప్పినవాళ్ళకు వడ్డించి తీరాలి. అందరి కంచాలూ నిండేదాకా ఎవరూ నోట్లో మెతుకు పెట్టుకోకూడదు.

సంఘం మొదలుపెట్టిన పాతవాళ్ళు పెట్టిన పద్ధతి ఇది. వాళ్ళు నిజంగానే అడిగేవాళ్ళట, నిజంగానే చెప్పుకునేవాళ్ళట. మా రోజులకు అది మొక్కుబడి అయిపోయింది. పిల్లలైతే ఒక్క ఊపిరిలో ప్రశ్నా జవాబూ తామే చెప్పేసుకుని కంచం ముందుకు తోస్తారు. పెద్దవాళ్ళు ఇంకా ఘోరం. నోరు అడుగుతూ ఉంటుంది, చూపు కూర గిన్నెలో ఈదుతూ ఉంటుంది.

మా బావ అంటే మా అక్క భర్త. సంఘంలో పెద్ద. ప్రార్థన మందిరం తాళాలు ఆయన దగ్గరే ఉంటాయి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ మోటార్లు బాగుచేసే కార్ఖానాలో స్టోరు తాళాలు కూడా ఆయన దగ్గరే ఉండేవి. అందుకే వెనకాల అందరూ తాళాలాయన అంటారు. మా ఆయన అదే కార్ఖానాలో వైండింగ్ పని చేసేవాడు. కాలిపోయిన మోటారు విప్పి, మాడిపోయిన తీగ పీకేసి, కొత్త రాగితీగ చుట్టే పని. ఇంటికొచ్చాక కూడా చేతులు వార్నిష్ వాసన కొట్టేవి. నేను విసుక్కుంటే ఆ చేతులు కావాలనే నా ముక్కు దగ్గర పెట్టేవాడు.

ఒకసారి స్టోరులో రాగితీగ కట్టలు పోయాయి. చివరగా స్టోరులోకి ఎవరు వెళ్ళారని మేనేజరు అడిగితే, "మా తోడల్లుడు వెళ్ళాడండి, చేతిలో సంచి ఉంది" అన్నాడు మా బావ. అంతే. మా ఆయన్ని పనిలోంచి తీసేశారు. అక్కడితో ఆగినా బాగుండేది. బావ ఆదివారం సంఘంలో కూడా లేచి, "సొంత మనిషే అయినా దాచకూడదు కదా" అని గొంతు బొంగురు చేసుకుని మరీ చెప్పాడు. పాస్టరుగారూ పెద్దలూ కూర్చుని మాట్లాడుకుని మా ఆయన్ని బల్ల దగ్గరకు రానివ్వకూడదని తీర్మానించారు. తప్పు ఒప్పుకునేదాకా రొట్టె లేదు, భోజనం లేదు, ఎవరూ వడ్డించకూడదు.

చెయ్యని తప్పు ఎలా ఒప్పుకుంటాడు? ఒప్పుకోలేదు. రావడమూ మానలేదు. ప్రతి ఆదివారం శుభ్రంగా తల దువ్వుకుని వచ్చి, తలుపు పక్క బెంచీ మీద ఖాళీ కంచం ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. వెలి వేసిన మనిషి లెక్కలోకి రాడు గనక ఆయన కంచం నిండకపోయినా అందరూ తినేవారు. నేను ఆయన పక్కకు వెళ్ళి కూర్చుంటానంటే ఒప్పుకునేవాడు కాదు. "నువ్వూ ఇటొచ్చేస్తే అటు మన తరఫున ఎవరుంటారు?" అనేవాడు. నేను అక్కడే, వడ్డించిన నా కంచం ముట్టకుండా కూర్చునేదాన్ని. ఇంటికి నడుస్తున్నప్పుడు, "ఇవాళ కూరలో ఉప్పెక్కువైనట్టుంది, అందరూ చెంబులకు చెంబులు నీళ్ళు తాగుతున్నారు. బతికిపోయాం" అని నవ్వించడానికి చూసేవాడు. నాకు నవ్వొచ్చేది కాదు, ఒళ్ళు మండేది.

ఒకే రొట్టెలో తిన్నవాళ్ళమంతా ఒకే శరీరమని పాస్టరుగారు నెలకోసారైనా చెబుతారు. ఆ మాట విన్నప్పుడల్లా లేచి అడగాలనిపించేది, ఆ శరీరంలో తలుపు పక్కన కూర్చున్నది ఏ అవయవమండీ అని.

పని పోయాక మా ఆయన గోదాముల్లో మూటలు మోశాడు. అలవాటు లేని ఒళ్ళు. ఒక మధ్యాహ్నం మూట దించి, గోడకు ఆనుకుని కూర్చుని, మళ్ళీ లేవలేదు. దొంగ అన్న పేరుతోనే మట్టిలో కలిసిపోయాడు. సమాధి దగ్గర ప్రార్థన చేసిన పెద్దల్లో మా బావ కూడా ఉన్నాడు. చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుని, ఎంత భక్తిగా నిలబడ్డాడో.

ఆ తర్వాత కొంతకాలానికి లారీ డ్రైవరు ఒకడు వేరే దొంగతనంలో పట్టుబడి పాతవన్నీ కక్కాడు. స్టోరు తాళం వాడికి మా బావే ఇచ్చాడట. ఖాళీ డ్రమ్ములు ఎక్కించుకోమని తాళం చేతిలో పెట్టేసి, పొద్దు వాలకుండానే ఇంటికి వెళ్ళిపోయాడట. బావ దొంగ కాదు. బద్ధకస్తుడు, అంతే. ఆ బద్ధకం బయటపడితే ఉద్యోగం పోతుందని మా ఆయన మెడకు చుట్టాడు.

ఈ సంగతి గుప్పుమన్నాక బావ సంఘంలో లేచి నిలబడ్డాడు. "నా పొరపాటు వల్ల ఒక సహోదరుడు నొచ్చుకున్నాడు. నన్ను క్షమించండి" అన్నాడు. పొరపాటట. ఒక సహోదరుడట. ఆ సహోదరుడికి పేరు లేదా? నొచ్చుకున్నాడా, చచ్చిపోయాడా? అందరూ కళ్ళు తుడుచుకున్నారు. పాస్టరుగారు ఆయన తల మీద చెయ్యి వేసి ప్రార్థన చేశారు. ఆ పూటే ఆయన యథాప్రకారం బల్ల దగ్గర కూర్చుని రెండోసారి కూర వేయించుకుని తిన్నాడు. నాకు కావలసింది ఒక్కటే మాట. 'నాకు తెలుసు, తెలిసే చెప్పాను' అనాలి. మా ఆయన కంచం ఖాళీగా ఉంచిన ఆ బల్ల దగ్గరే అనాలి. ఆ మాట అనేదాకా ఆయన గొంతులో మెతుకు దిగకూడదని నేను ఒట్టు పెట్టుకున్నాను.

ఆ ఆదివారం గిన్నెలు వచ్చాయి. వరస మొదటినుంచీ వడ్డన సాగుతూ నా దగ్గరకొచ్చింది. నా కుడిపక్క బోసినోటి మామ్మ కూర్చుని ఉంది. మా సంఘంలో అందరికన్నా పెద్దావిడ. నేను గరిటె ముట్టుకోలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మా బావ తన ఖాళీ కంచం వైపు చూస్తూ ఉండిపోయాడు.

"ఏమ్మా, మీ బావగారికి వడ్డించండి" అన్నారు పాస్టరుగారు.

"నేను వడ్డించనండీ. మీరు భోంచెయ్యాలంటే మార్గం ఉంది. మా ఆయన్ని లెక్కలోంచి తీసేశారుగా, ఈయన్నీ తీసెయ్యండి. ఈయన కంచం ఖాళీగా ఉంటే మీ కంచాలకేమీ అడ్డం ఉండదు."

"ఆయన పశ్చాత్తాపపడ్డారు కదమ్మా."

"ఎప్పుడండీ? నేను ఆ రోజు ఇక్కడే ఉన్నాను. నాకు కనపడలేదు."

పాస్టరుగారు నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించారు. "ప్రభువు తనను శత్రువులకు అప్పగించబోయేవాడికి కూడా తన చేత్తో రొట్టె ముక్క ముంచి ఇచ్చాడమ్మా."

"ఇచ్చాకే కదండీ వాడు లేచి చీకట్లోకి వెళ్ళింది. మా బావకు కూడా అదే జరగాలంటారా?"

పిల్లలు ఏడుపు అందుకున్నారు. బోసినోటి మామ్మ, "ఎవరో ఒకరు తేల్చండర్రా, నాకు నమలడానికే సాయంత్రమవుతుంది" అని సణిగింది. చివరికి పాస్టరుగారు ప్రార్థన చేసి అందరినీ ఇళ్ళకు పంపేశారు. గిన్నెలు గిన్నెలుగా అన్నం మిగిలిపోయింది. నేను ఇంటికెళ్ళి తలుపు వేసుకుని హాయిగా భోంచేశాను. ఎన్నాళ్ళకో నాకు అన్నం రుచిగా అనిపించింది.

తర్వాతి ఆదివారమూ అంతే. నన్ను చూసి కొందరు ముఖం తిప్పుకున్నారు. తిప్పుకోనీ అనుకున్నాను.

ఆ వారం మా అక్క నేను పనిచేసే చోటికి వచ్చింది. నేను ఆస్పత్రి లాండ్రీలో పనిచేస్తాను. ఉతికిన దుప్పట్లు పెద్ద రోలరు కింద పెట్టి ఇస్త్రీ చేసి, మడతలు పెట్టాలి. దుప్పటి మడత పెట్టాలంటే ఇద్దరుండాలి. నాతో పనిచేసే ఆవిడ టీకి వెళ్ళింది. మా అక్క వచ్చీ రాగానే మాట్లాడకుండా దుప్పటి అవతలి కొస పట్టుకుంది. చిన్నప్పటి అలవాటు. పోట్లాటకొచ్చినా చేతులు ఊరుకోవు దానికి.

"ఇంకా ఎన్నాళ్ళే ఈ పంతం?" అంది.

"నీ మొగుడు నిజం చెప్పేదాకా."

"చెప్పాడుగా అందరి ముందూ."

"పొరపాటన్నాడు. పొరపాటంటే చారులో ఉప్పు రెండుసార్లు వెయ్యడం. కొస లాగి పట్టుకో, ముడత పడుతోంది."

లాగి పట్టుకుంది. "నీకొక మాట చెప్పనా? నువ్వు వడ్డించడం మానేశాకే ఆయనకు నిద్ర పడుతోంది. ఇన్నాళ్ళూ మంచం మీద లేచి కూర్చునేవాడు. ఇప్పుడు గుర్రు పెడుతున్నాడు. నా శిక్ష నేను అనుభవించేస్తున్నాను, ఇక దేవుడికీ నాకూ సరిపోయింది అంటున్నాడు. జనం కూడా జాలిపడి మా ఇంటికి గిన్నెలు పంపుతున్నారు. ఫ్రిజ్‌లో చోటు లేదు" అంది.

దుప్పటి నా చేతిలోంచి జారిపోయింది. నేను పస్తు పెడుతున్నాననుకుంటుంటే ఆయన ఇంటికెళ్ళి నాలుగు రకాలతో తిని, గుర్రు పెట్టి నిద్రపోతున్నాడా? నా పగతో ఆయన పాపం కడుక్కుంటున్నాడా? ఆయనకు ఖాళీ కంచం శిక్ష కాదు, దిండు.

"ఈ ఆదివారం వడ్డిస్తాలే, వెళ్ళు" అన్నాను.

మా అక్క నన్ను కావలించుకుని ఏడ్చింది. నేను దాని వీపు నిమిరాను గానీ నా మనసు అక్కడ లేదు. గరిటె ఎత్తి ఏం అడగాలో నాకప్పుడే తట్టింది. కొత్తగా ఏమీ అక్కర్లేదు. అందరూ అడిగేదే అడగాలి. కాకపోతే నిజంగా అడగాలి.

ఆదివారం నేను గరిటె పట్టుకోగానే గది గదంతా ఊపిరి పీల్చుకుంది. వెనకనుంచి ఎవరో "దేవునికి స్తోత్రం" అన్నారు. పాస్టరుగారు కళ్ళు మూసుకుని పెదాలు కదిలిస్తున్నారు. నేను గరిటె నిండా కూర తీసుకుని, బావ కంచం మీదికి తెచ్చి, అక్కడే ఆపాను. ఆయన ముఖంలోకి చూశాను.

"మన మధ్య ఏమైనా ఉందా, బావా?"

"ఏమీ లేదు, పె..." అని అలవాటు కొద్దీ మొదలుపెట్టి ఆగిపోయాడు.

"సగంలో ఆపావేం? చెప్పు. ఏమీ లేదంటే పెట్టేస్తాను. నువ్వు రొట్టె తిన్న నోటితోనే చెప్పు. అందరూ వింటున్నారు. ఎవరి పేరున ఇక్కడ కూర్చున్నామో ఆయన కూడా వింటున్నాడు."

బావ మెడ మీద చెమట పట్టింది. నా చెయ్యి లాగేస్తోంది, అయినా దించలేదు. ఆయన్ని అలా చూస్తుంటే నాకెంత తృప్తిగా ఉందో దాచుకోను. మా ఆయన కూర్చున్న బెంచీ వైపు ఆయన ఒకసారి చూశాడు. అక్కడ ఎవరో గొడుగులు పెట్టుకున్నారు.

"ఉంది" అన్నాడు.

"ఏముంది?"

"పొరపాటు కాదు. తాళం డ్రైవరుకిచ్చింది నేనే. నీ భర్త ఆ రోజు స్టోరు గుమ్మం కూడా తొక్కలేదు. నాకు తెలుసు. తెలిసే చెప్పాను." మాటలు ఒక్కొక్కటే వచ్చాయి. మా అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

నాకు కావలసిన మాట అదే. వచ్చేసింది. ఇక గరిటె దించబోతుంటే ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఆగు. ఇంకా ఉంది. ఆ సంగతి అతనికి కూడా తెలుసు. వెలి వేసిన వారమే మా ఇంటికొచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు, గుమ్మంలోనే నిలబడ్డాడు. నువ్వు డ్రైవరుకు తాళం ఇవ్వడం నేను కిటికీలోంచి చూశానన్నాడు. మరి మేనేజరుకు ఎందుకు చెప్పలేదని అడిగాను. నేను చెబితే నువ్వు దొరికిపోతావు, నీ అంతట నువ్వు చెబితే బాగుపడతావు, అన్నాడు. నువ్వు చెప్పేదాకా ప్రతి ఆదివారం నీ కళ్ళెదురుగా ఖాళీ కంచంతో కూర్చుంటాను, నన్ను చూస్తూ తిను, అన్నాడు. నేను చూస్తూనే తిన్నాను." బావ నా మణికట్టు వదిలేశాడు. "వెళ్తూ వెళ్తూ, ఈ సంగతి మా ఆవిడకు మాత్రం చెప్పకు, నిన్ను గరిటెతో కొడుతుంది, అన్నాడు."

ఎవరో ఫక్కున నవ్వి, నోరు మూసుకున్నారు.

పోయిన మనిషి మీద అంత కోపం నాకెప్పుడూ రాలేదు. ఇంట్లో నా పక్కనే పడుకుని, నా ఏడుపు వింటూ, ఇంత సంగతి కడుపులో పెట్టుకుని, కూరలో ఉప్పెక్కువైందని జోకులు వేశాడా? ఈ తాళాలాయన ఆత్మ కోసం తను మూటలు మోశాడా? నన్నొక్క మాట అడిగాడా? ఉంటే నిజంగానే గరిటెతో కొట్టేదాన్ని, ముందు మా ఆయన్నే కొట్టేదాన్ని. కోపంతో పాటే ఏడుపు కూడా తన్నుకొచ్చింది. గరిటెలోని కూర సగం బల్ల మీద ఒలికింది.

చెప్పినవాడికి వడ్డించి తీరాలి. అది పద్ధతి. నేను పెట్టాను. ఒక గరిటె కాదు, కంచం అంచులదాకా, పొంగిపోయేదాకా పెట్టాను. "ఆయన్ని చూస్తూ తిన్నావుగా. ఇవాళ నేను చూస్తుంటాను, తిను. ఒక్క మెతుకు వదిలినా ఊరుకోను" అన్నాను. బావ తల ఊపాడు. కన్నీళ్ళు కంచంలో పడుతున్నాయి. తినడానికి లేదు, నా కంచం ఇంకా నిండలేదు.

బోసినోటి మామ్మ గరిటె ఎత్తి నా వైపు తిరిగింది. "మన మధ్య ఏమైనా ఉందా, తల్లీ?" అంది, ఎప్పుడూ అన్నట్టే. ఇక గొడవ తీరిపోయిందని అందరూ కంచాల వైపు వంగారు.

నేను తలెత్తి చూశాను. ఆ వరసలో మా బావ ఒక్కడే లేడు. వాళ్ళందరూ ఉన్నారు. మా ఆయన ఖాళీ కంచంతో కూర్చున్న ప్రతి ఆదివారమూ వాళ్ళందరూ ఇక్కడే తిన్నారు.

"ఉంది, మామ్మా" అన్నాను. "మీ అందరితోనూ ఉంది. అబద్ధం చెప్పింది ఈయనొక్కడే. మా ఆయన కంచం ఖాళీగా ఉంచింది మాత్రం మీరందరూ. ఒక్కళ్ళు కూడా లేచి, నీకూ మాకూ మధ్య ఏముందయ్యా అని అడగలేదు. ఏముందో ఇప్పుడైనా చెబుతారో, మానేస్తారో మీ ఇష్టం."

మామ్మ గరిటె తిరిగి గిన్నెలో పెట్టేసింది.

"చూశానమ్మా" అంది. "ప్రతి ఆదివారం చూశాను. అతను దొంగంటే నేను నమ్మనే లేదు. పెద్దవాళ్ళు అన్నారు కదా, నాకెందుకులే అనుకున్నాను. చూసి, పప్పు బాగుందనుకుని తిన్నాను."

ఆ మాటతో ఏదో కట్ట తెగినట్టయింది. ఒకావిడ లేచి నా కుర్చీ దగ్గరకొచ్చింది. తర్వాత మోటారు కార్ఖానాలో మా ఆయనతో పనిచేసినతను వచ్చాడు. తన మాట ఎవరూ వినరని ఊరుకున్నానన్నాడు. ఒకరి తర్వాత ఒకరు వచ్చి, తామేం చూశారో, ఎందుకు ఊరుకున్నారో చెప్పారు. కొందరు ఏడ్చారు. నేను ఎవరినీ ఓదార్చలేదు, పరవాలేదని ఎవరితోనూ అనలేదు. ప్రతి ఒక్కరి మాటా పూర్తిగా విన్నాను. బావ నిండు కంచం ముందు తల వంచుకుని కూర్చునే ఉన్నాడు. అందరిదీ అయ్యేసరికి పొద్దు వాలింది, కూరల మీద నూనె గడ్డకట్టింది.

అందరికన్నా చివర పాస్టరుగారు వచ్చారు. నిలబడి మాట్లాడలేక నేల మీద మోకాళ్ళూని, తీర్మానం మీద తను వేసిన సంతకం గురించి చెప్పారు. అది చెప్పాక, "మమ్మల్ని క్షమించావా అమ్మా?" అని అడిగారు.

"ఇంకా లేదండీ" అన్నాను. "ఆకలేస్తోంది. అన్నం పెట్టమనండి."

మామ్మ పెట్టింది. అప్పుడు అందరం తిన్నాం.